పైలట్ గారిని పడుకోనివ్వండి మహాప్రభో!

2026 కనుమ రోజు సాయంత్రం. జగ్గన్నతోట ప్రభల తీర్థం చూసుకుని, ఒంటినిండా దుమ్ముతో ఇంటికొచ్చి అరుగు మీద కూలబడ్డాం. పండక్కి వచ్చిన బలగమంతా ఉంది. హైదరాబాద్ నుంచి నేను, బెంగుళూరు నుంచి బావగారు, పూణే నుంచి పెదనాన్న గారి అబ్బాయి, ఎప్పుడూ ఊళ్ళోనే ఉండే బాబాయి. ముగ్గురు సాఫ్ట్‌వేరు వాళ్ళూ ఒక కొబ్బరి రైతూ ఒకచోట కూర్చుంటే మాటలు ఎటు పోతాయో మీకు తెలియంది కాదు. ముందు కొబ్బరికాయ రేటు, తర్వాత ఎవరి ఆఫీసులో ఎంతమందిని పీకేశారు, ఆ తర్వాత పండక్కి ఎవరెలా వచ్చారు. అక్కణ్ణుంచి కబుర్లు 2025 డిసెంబరులో విమానాలు ఆగిపోయిన గొడవ మీదకి వచ్చాయి.

బావగారు మొదలుపెట్టారు. "అసలు దీనంతటికీ కారణం ఆ కొత్త రూల్సండీ. పైలట్లకి రెస్టు పెంచారు. వాళ్ళు హాయిగా ఇంట్లో పడుకున్నారు, జనాలు ఎయిర్‌పోర్టులో నేల మీద పడుకున్నారు". తమ్ముడు వంతపాడాడు. బాబాయి అయితే ఇంకో మెట్టెక్కి, "ఒరేయ్, నెలకి లచ్చలు లచ్చలు తీసుకునేవాడికి నిద్దరేంట్రా? దాళ్వా నీళ్ళ కోసం మేం రాత్రంతా గట్టుమీద కాపలా కాయలేదా?" అనేశాడు.

నేనేదో చెప్పబోతే "నువ్వాగరా, నీకన్నిట్లోనూ రెండోవైపు కావాలి" అని గారెల పళ్ళెం ఇటు తోశారు. గారెలైతే తిన్నాను గానీ కడుపులో మాట మాత్రం అరగలేదు. అందుకే ఈ టపా.

ముందే చెప్పేస్తున్నా, నేను పైలట్‌ని కాను. మా ఇంటావంటా పైలట్లు లేరు. నాకున్న అర్హతల్లా నాలుగేళ్ళుగా ఆన్‌కాల్ డ్యూటీ చేస్తూ అర్ధరాత్రి ఫోను మోగితే లేచి లాప్‌టాప్ తెరిచే అలవాటు. నిద్రలేని బుర్ర ఎలా పనిచేస్తుందో చెప్పడానికి ఆ అర్హత చాలనుకుంటున్నా.

సరే, విషయానికొద్దాం. అసలు జరిగిందేంటి?

పైలట్లు ఎన్ని గంటలు నడపొచ్చు, ఎంతసేపు డ్యూటీలో ఉండొచ్చు, ఎంత విశ్రాంతి ఇవ్వాలి అని డీజీసీఏ రాసిన నిబంధనల్ని ఎఫ్‌డీటీఎల్ అంటారు. దీని సవరించిన రూపం 2024 జనవరి 8న వచ్చింది. అందులో ముఖ్యమైనవి ఇవీ: వారానికి ఒకసారి ఇచ్చే ఏకధాటి విశ్రాంతి 36 గంటల నుంచి 48 గంటలయింది. "రాత్రి" అంటే అర్ధరాత్రి నుంచి 5 వరకు అని ఉన్నదాన్ని 6 వరకు పెంచారు. రాత్రి వేళ డ్యూటీలో ఒక పైలట్ చేసే ల్యాండింగులు ఆరు దాకా ఉండేవి, వాటిని రెండుకు తగ్గించారు.

ఇది 2024 జూన్ 1 నుంచి అమలు కావాలి. విమాన సంస్థలు కుదరదన్నాయి. వాయిదా పడింది. పైలట్ల సంఘాలు ఢిల్లీ హైకోర్టులో పట్టుబట్టాక, మొత్తం 22 అంశాల్లో 15 అంశాలు 2025 జులై 1 నుంచి, రాత్రి డ్యూటీలతో సహా మిగతావి నవంబర్ 1 నుంచి అని తేలింది. అంటే రూలు కాగితం మీదకి వచ్చిన రోజు నుంచి పూర్తిగా అమల్లోకి వచ్చిన రోజు దాకా 22 నెలల దగ్గర పడింది. బావగారూ, మీ ప్రాజెక్టులో క్లయింటు 22 నెలల ముందు రిక్వైర్‌మెంట్ డాక్యుమెంటు చేతికిస్తే మీరు పాలాభిషేకం చేస్తారు కదా!

మరి దేశంలో మూడింట రెండొంతుల దేశీయ ప్రయాణికుల్ని మోసే ఇండిగో ఏం చేసింది? కొత్త రూలు పూర్తిగా అమలయ్యేముందు, 2025 శీతాకాలం షెడ్యూలులో అంతకుముందు ఏడాది శీతాకాలం కన్నా దాదాపు 10 శాతం ఎక్కువ సర్వీసులు పెట్టుకుంది. దానికి డీజీసీఏ సరేనంది. ఒకవైపు ఒక్కో పైలట్ చేయగలిగే పని తగ్గబోతోంది, ఇంకోవైపు పని పెంచారు. దీన్ని లెక్క వెయ్యడానికి మెషీన్ లెర్నింగ్ అక్కర్లేదు, మా ఊరి కిరాణా కొట్టులో చిట్టాపుస్తకం చాలు.

డిసెంబర్ 3 నుంచి 5 దాకా మూడంటే మూడు రోజుల్లో 2,507 ఇండిగో విమానాలు రద్దయ్యాయి. ఇంకో 1,852 ఆలస్యమయ్యాయి. మూడు లక్షల మందికి పైగా ఇరుక్కుపోయారు. ఇవి డీజీసీఏ లెక్కలే. పెళ్ళిళ్ళకి వెళ్ళాల్సినవాళ్ళు, కర్మకాండలకి వెళ్ళాల్సినవాళ్ళు, ఆపరేషన్లకి వెళ్ళాల్సినవాళ్ళు అందరూ అందులో ఉన్నారు. వాళ్ళ కోపం న్యాయమైనదే. ఆ కోపం ఎవరిమీద అన్నదే నా పేచీ.

అప్పుడు ప్రభుత్వం ఏం చేసింది? డిసెంబర్ 5న, ఏ సంస్థయితే సిద్ధం కాలేదో ఆ సంస్థకే, దాని ఎ320 విమానాల పైలట్లకి రాత్రి డ్యూటీ నిబంధనల నుంచి 2026 ఫిబ్రవరి 10 దాకా మినహాయింపు ఇచ్చింది. వారపు విశ్రాంతికి బదులుగా సెలవుని లెక్కేయకూడదన్న ఆదేశాన్ని కూడా అదే రోజు వెనక్కి తీసుకుంది. ఇది అన్ని సంస్థలకీ.

ప్రోగ్రామర్లకి దీన్ని విడమర్చి చెప్పక్కర్లేదు. బిల్డులో ఒక టెస్టు ఫెయిలైంది. కోడ్ సరిచేయకుండా ఆ టెస్టునే కామెంట్ చేసేసి, బిల్డు పచ్చగా వచ్చిందని మెయిలు పెట్టారు. మన టీములో ఎవడైనా ఈ పని చేస్తే రివ్యూలో తల వాచేలా చివాట్లు పెడతాం. ఇక్కడ మాత్రం "ఆ టెస్టు ఎవడు రాశాడ్రా బాబూ, దానివల్లే ఫెయిలైంది" అంటున్నాం!

అప్పుడు విమానయాన శాఖ మన శ్రీకాకుళం రామ్మోహన్ నాయుడు గారి చేతిలో ఉంది. ఆయనా ఇంజనీరింగు చదివినవారే. లక్షలమంది ఎయిర్‌పోర్టుల్లో గగ్గోలు పెడుతుంటే మంత్రి చేతులు కట్టుకుని కూర్చోలేరు, ఒప్పుకుంటా. కానీ చెయ్యదగ్గ పని ఇంకోటి ఉంది. ఉన్న పైలట్లకి సరిపడా విమానాలే నడపమని షెడ్యూలు కొయ్యడం. ఆ పని కూడా చేశారు, డిసెంబర్ 9న 10 శాతం కొయ్యమన్నారు. ముందు కొయ్యాల్సింది షెడ్యూలుని. కోసింది మాత్రం నిద్రని. నా బాధ అదీ.

ఇప్పుడు అరుగు మీద నాకు చెప్పనివ్వని మాటలు ఒక్కోటీ చెప్తా.

ఒకటి: "వారానికి 35 గంటలేగా నడిపేది! మేం 60 గంటలు పనిచేస్తున్నాం."

ఇది సాఫ్ట్‌వేరు వాళ్ళ నోటివెంట తరచూ వచ్చే మాట. ఏడు రోజుల్లో 35 గంటలు, ఏడాదిలో 1,000 గంటలు అన్న హద్దు నిజమే. కానీ అది విమానం నడిపిన సమయం. బయల్దేరడానికి చక్రం కదిలిన దగ్గర్నుంచి గమ్యంలో ఆగేదాకా. మన భాషలో చెప్పాలంటే క్లయింటుకి బిల్లు చేసే గంటలన్నమాట. రిపోర్టింగు, వాతావరణం కాగితాలు, ఇంధనం లెక్కలు, రెండు విమానాల మధ్య నిరీక్షణ, పొగమంచు విడేదాకా కాక్‌పిట్‌లో పడిగాపులు, ఇవన్నీ డ్యూటీ గంటలు. అవి వేరే. అందుకే నిబంధనల్లో నడిపే సమయానికి ఒక హద్దు, డ్యూటీ సమయానికి ఇంకో హద్దు ఉంటాయి. ల్యాండింగుల సంఖ్య పెరిగేకొద్దీ డ్యూటీ హద్దు తగ్గుతుంది. మన రాజమండ్రి మధురపూడికి వచ్చేలాంటి చిన్న చిన్న దూరాల సర్వీసుల్లో ఎక్కడం దిగడమే ఎక్కువ. పైలట్ తెలివి, ఒళ్ళు అన్నీ ఖర్చయ్యేది కూడా ఎక్కడంలో, దిగడంలోనే. 35 గంటలే కదా అంటే, సర్జన్ కత్తి పట్టుకున్న గంటలు మాత్రమే లెక్కేసి "డాక్టరుగారు ఖాళీగా ఉన్నారు" అన్నట్టు ఉంటుంది.

రెండు: "లక్షలు జీతం తీసుకుంటున్నారు, ఆ మాత్రం మేలుకోలేరా?"

బాబాయ్, ఇది నీకే. జీతం బ్యాంకు ఖాతాలో పడుతుంది, బుర్రలో పడదు. 1997లో డాసన్, రీడ్ అనే ఇద్దరు పరిశోధకులు నేచర్ పత్రికలో ఒక చిన్న వ్యాసం రాశారు. ఏకధాటిగా 17 గంటలు మేలుకున్న మనిషి చెయ్యీ కన్నూ కలిసి చేసే పనిలో, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్న మనిషిలా తయారవుతాడని తేల్చారు. 24 గంటలు మేలుకుంటే 0.10 శాతం ఉన్నట్టే. మరి మన మోటారు వాహనాల చట్టంలో హద్దెంతో తెలుసా? 0.03 శాతం. అంటే శనివారం రాత్రి జూబ్లీహిల్స్‌లో గొట్టం ఊదించి మన బండి లాక్కునే స్థాయి కన్నా, పొద్దున్నే 5 గంటలకి లేచి రాత్రి 10 దాకా మేలుకున్నవాడి స్థాయి ఘోరంగా ఉంటుంది!

పైలట్‌కి విమానం ఎక్కేముందు మద్యం పరీక్ష ఉంటుంది. కాస్త వాసన తగిలినా ఇంటికే. దాన్ని అందరం మెచ్చుకుంటాం. కానీ నిద్ర ఎంత బాకీ ఉందో చెప్పే గొట్టం ఇంకా ఎవరూ అలా గేటు దగ్గర పెట్టలేదు. అందుకని దానికి బదులు గడియారం పెట్టారు. ఈ గంటల లెక్క చేసే పని అదొక్కటే. దాన్ని సడలించమంటే "ఈ రెండు నెలలూ ఒక పెగ్గు దాకా ఫర్వాలేదు" అన్నట్టే.

మూడు: "విమానం ఆటోపైలట్ మీదే కదా పోయేది."

ఇది తమ్ముడి వాదన. వాడు ఆటోమేషన్ టీములో ఉన్నాడు మరి. 2024 జనవరి 25న ఇండోనేషియాలో కెండారి నుంచి జకార్తా వెళ్తున్న బాతిక్ ఎయిర్ విమానంలో ఇద్దరు పైలట్లూ ఒకేసారి నిద్రపోయారు. 28 నిమిషాలు. లోపల 153 మంది ప్రయాణికులున్నారు. కంట్రోలర్లు పిలుస్తున్నా జవాబు లేదు, విమానం దారి తప్పి పక్కకి పోయింది. అదృష్టం బాగుండి కెప్టెన్‌కి మెలకువొచ్చింది. కో-పైలట్‌కి ఇంట్లో నెల రోజుల కవలలున్నారు, భార్యకి సాయం చేస్తూ సరిగ్గా నిద్రపోలేదని దర్యాప్తులో తేలింది. పాపం, ఆయన చెడ్డవాడేం కాదు. మనందరి ఇళ్ళల్లో ఉండే నాన్నే.

ఆటోపైలట్ చేతుల పని తగ్గిస్తుందే గానీ కాపలా పని తగ్గించదు. పైగా ఏమీ జరగని తెరని గంటల తరబడి చూస్తూ కూర్చోవడం కన్నా నిద్రపుచ్చే పని ఇంకోటి లేదు. రాత్రి షిఫ్టులో మానిటరింగ్ డాష్‌బోర్డు ముందు కూర్చున్న ఎవరినైనా అడగండి. ఆకుపచ్చ గీతలు చూస్తూ చూస్తూ తెల్లవారుజామున 4 గంటలకి ఎర్రగీత వచ్చినా కంటికి ఆనదు.

నా సంగతే చెప్తా. రెండేళ్ళ క్రితం ఒక రిలీజు రాత్రి. పొద్దున 7కి లేచినవాణ్ణి, తెల్లవారుజామున 3 దాటినా ఇంకా పనిలోనే ఉన్నా. టెస్ట్ సర్వర్ మీద ఒక టేబుల్ ఖాళీ చెయ్యాలి. పక్కపక్కనే రెండు నల్ల కిటికీలు తెరిచున్నాయి. ఎందులో టైప్ చేశానో మీకు అర్థమయ్యే ఉంటుంది. ఎంటర్ కొట్టాక కూడా కొన్ని నిమిషాలు నాకు తెలియలేదు! బ్యాకప్ నుంచి వెనక్కి తెచ్చుకోడానికి మధ్యాహ్నం అయింది. తర్వాతి వారం అదే నేను అదే స్క్రీన్‌షాట్ చూస్తే, పెద్ద అక్షరాలతో సర్వరు పేరు రాసే ఉంది. రాత్రి నా కంటికి కనబడింది, బుర్రకే ఎక్కలేదు. ఆ క్షణంలో నేను అలిసిపోయానని నాకే తెలియదు. పైగా "నేను బానే ఉన్నా" అని మేనేజరుకి చాట్‌లో రాశాను కూడా.

నాకు బ్యాకప్ ఉంది. పైలట్‌కీ అలాంటిదొకటి ఉంది, గో అరౌండ్ అంటారు. దిగడం సరిగ్గా కుదరకపోతే మళ్ళీ పైకి లేచి చుట్టుతిరిగి రావడం. కానీ అది చెయ్యాలన్న నిర్ణయం తీసుకోవాల్సింది కూడా ఆ అలిసిన బుర్రే.

2010 మే 22న దుబాయి నుంచి మంగుళూరు వచ్చిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం గుర్తుందా? గల్ఫు నుంచి ఇంటికొస్తున్నవాళ్ళు. కువైట్‌కీ మస్కట్‌కీ మనుషుల్ని పంపే మన రాజోలు, అమలాపురం ఊళ్ళ వాళ్ళకి ఆ విమానం ఎలాంటిదో, అందులో పెట్టెల్లో ఏముంటాయో వేరే చెప్పక్కర్లేదు. ఉదయం 6 గంటల ప్రాంతంలో దిగిన విమానం. దాదాపు రెండు గంటల కాక్‌పిట్ రికార్డింగులో మొదటి గంటా నలభై నిమిషాలు కెప్టెన్ నిద్రలోనే ఉన్నాడు, గురక వినబడింది. లేచాక ఎక్కువ ఎత్తులో వచ్చాడు. గో అరౌండ్ అని కో-పైలట్ ఒకటికి మూడుసార్లు చెప్పాడు. కెప్టెన్ ఆగలేదు. 8 వేల అడుగుల రన్‌వే మీద 5,200 అడుగులు దాటాక చక్రాలు నేలకి తగిలాయి. కొండ అంచు దాటి లోయలో పడింది. 166 మందిలో 158 మంది పోయారు. కుదరని దిగడాన్ని ఆపకపోవడం అసలు కారణమనీ, గాఢనిద్ర నుంచి లేచిన మత్తు, తెల్లవారుజామున ఒంట్లో చురుకు అట్టడుగుకి పోయే వేళ కావడం దానికి తోడయ్యాయనీ దర్యాప్తు చెప్పింది.

ఇక్కడో మెలిక ఉంది, దాచకుండా చెప్తా. ఆ కెప్టెన్ గంటల హద్దేమీ దాటలేదు. సెలవు నుంచి అప్పుడే వచ్చాడు. "మరి నీ గంటల రూలు ఏం పీకింది?" అని అడగొచ్చు. ఏం పీకలేదు, నిజమే. అందుకే గంటలొక్కటే చాలవు, ఏ గంటలు అన్నది కూడా లెక్కలోకి రావాలి. తెల్లవారుజాము 2 నుంచి 6 మధ్య మనిషి శరీరం పడుకోమని మొత్తుకుంటుంది. బాగా నిద్రపోయి వచ్చినవాడికి కూడా. రాత్రి నిర్వచనాన్ని 6 దాకా పెంచి, రాత్రి ల్యాండింగుల్ని రెండుకు తగ్గించింది అందుకే. సరిగ్గా ఆ రాత్రి నిబంధనలనే 2025 డిసెంబరులో పక్కన పెట్టింది!

నాలుగు: "టికెట్ల రేట్లు పెరుగుతాయి."

పెరుగుతాయి. నేనేం అబద్ధం చెప్పను. ఎక్కువమంది పైలట్లని పెట్టుకుంటే ఆ ఖర్చు మన టికెట్లోకే వస్తుంది. కానీ పైలట్లని పెట్టుకోకపోయినా రేట్లు ఎలా ఎగిరాయో డిసెంబరులో చూశాం కదా? ప్రభుత్వం దిగొచ్చి, 500 కిలోమీటర్ల లోపు అయితే 7,500 రూపాయలు, అత్యధికంగా 18,000 రూపాయలు దాటకూడదని గిరి గీయాల్సి వచ్చింది. మిగులు మనుషులు లేకుండా నడిపే ఏ వ్యవస్థయినా అంతే. రోజువారీ చవగ్గా కనబడుతుంది, ఒక్క రోజు తేడా వస్తే మొత్తం వడ్డీతో వసూలు చేస్తుంది. సర్వర్లన్నీ నూటికి నూరు శాతం వాడేస్తూ "అబ్బ ఎంత పొదుపో" అనుకునేవాణ్ణి మనం ఇంజనీరు అనం.

ఇంతా అయ్యాక 2026 జనవరిలో డీజీసీఏ ఇండిగోకి వేసిన జరిమానా 22 కోట్ల 20 లక్షలు. వినడానికి బ్రహ్మాండంగా ఉంది. 2024-25లో ఆ సంస్థ లాభం 7,258 కోట్లు. రోజుకి దాదాపు 20 కోట్లు. అంటే సుమారుగా ఒక్కరోజు లాభం కట్టి ఊరుకున్నారన్నమాట. పైలట్లని ముందుగా పెట్టుకోవడం ఖరీదా, జరిమానా కట్టడం ఖరీదా అని రేపు ఇంకో సంస్థ లెక్కేసుకుంటే ఏది ఎంచుకుంటుందో మీరే చెప్పండి.

అయిదు: "అమెరికావాడు ఏం చేస్తున్నాడు?"

మన దగ్గర ఏ వాదనా ఈ ప్రశ్న లేకుండా ముగియదు కదా. 2009 ఫిబ్రవరి 12న బఫెలో దగ్గర కోల్గన్ ఎయిర్ విమానం కూలి, కిందనున్న ఇంట్లో ఒకరితో కలిపి 50 మంది పోయారు. కో-పైలట్ ముందురోజు రాత్రంతా సియాటిల్ నుంచి ప్రయాణం చేసి వచ్చి డ్యూటీ ఎక్కింది. పోయినవాళ్ళ కుటుంబాలు ఏళ్ళ తరబడి వాషింగ్టన్ చుట్టూ తిరిగాయి. 2014 జనవరి నుంచి కొత్త విశ్రాంతి నిబంధనలు వచ్చాయి. అయితే సరుకు విమానాల్ని మాత్రం వాటిలోంచి తప్పించారు, ఖర్చు ఎక్కువవుతుందని. సరుకు మోసే పైలట్‌కి మాత్రం నిద్ర రాదా? కాబట్టి అమెరికావాడూ మనలాంటివాడే. ఎక్కడైనా సరే, ఈ రూలు శవాలు లేచాక వస్తుంది, జనం మర్చిపోయాక సడలుతుంది.

ఇప్పుడు మళ్ళీ బాబాయి దగ్గరికి వస్తా.

మూడేళ్ళ క్రితం బాబాయికి హైదరాబాదులో కంటి ఆపరేషన్ చేయించి, రాత్రి ప్రైవేటు బస్సులో ఇద్దరం అమలాపురం బయల్దేరాం. ఏ ట్రావెల్సో అనవసరం. తెల్లవారుజామున 4 గంటలవేళ, ఏలూరు దాటాక, బస్సు ఒకసారి పక్కకి లాగి మళ్ళీ సర్దుకుంది. నేను నిద్రలోనే ఉన్నా. బాబాయి లేచి, ఒక కంటికి కట్టుతో, సీట్లు పట్టుకుంటూ డ్రైవరు దగ్గరికి పోయాడు. "ఏమయ్యా, నిద్దరొస్తందా?" అన్నాడు. లేదండీ అన్నాడు డ్రైవరు. "లేదంటే ఎలాగ, నీ కళ్ళు నాకు కనబడతన్నాయిగా. నిన్న రాత్రి కూడా నువ్వే నడిపేవా?" అని అడిగితే అప్పుడు ఒప్పుకున్నాడు, వరసగా మూడో రాత్రి అట.

బాబాయి బస్సు ఆపించాడు. రోడ్డు పక్క టీ కొట్టు దగ్గర డ్రైవరు చేత మొహం కడిగించాడు, టీ పట్టించాడు, "ఇప్పుడు నలభై నిమిషాలు పడుకో. మేవెక్కడికీ పోం" అన్నాడు. బస్సులో ఒక్కడంటే ఒక్కడు కూడా "నాకు లేటవుతుంది" అనలేదు. కొత్తపేట దిగాల్సిన ఒకాయన ఇంట్లోకి ఫోన్ చేసి గంట ఆలస్యం అని చెప్పి మళ్ళీ దుప్పటి కప్పుకున్నాడు. గంటంపావు ఆలస్యంగా, అందరం క్షేమంగా దిగాం. ఆ తర్వాత నెల రోజులు మా వీధిలో బాబాయి ఆ కథే చెప్పాడు.

బాబాయ్, ఆ రాత్రి నువ్వు అమలు చేసినదాని పేరే ఎఫ్‌డీటీఎల్! అప్పుడు నువ్వు డ్రైవరు జీతం అడగలేదు. గట్టుమీద నువ్వు కాపలా కాసిన రాత్రుల లెక్క అతనికి చెప్పలేదు. గట్టుమీద నువ్వు తూలితే నీ చేలో నీళ్ళు పోతాయి, అక్కడ తూలితే 40 మంది పోతారని నీకు ఎవరూ చెప్పకుండానే తెలుసు.

తేడా ఒక్కటే. బస్సులో డ్రైవరు కళ్ళు మనకి కనబడతాయి. విమానంలో కాక్‌పిట్ తలుపు మూసి ఉంటుంది. లేచి వెళ్ళి "నిద్దరొస్తందా?" అని అడిగే వీలు మనకి లేదు. మన తరఫున అడగాల్సింది ఆ నిబంధన. దాన్ని సడలించమని మనమే అరుస్తున్నామంటే, ఆ రాత్రి బాబాయిని "కూర్చోవయ్యా, లేటవుతోంది" అని వెనక్కి లాగినట్టే.

ఇంతకీ నేను చెప్పొచ్చేదేంటంటే, అడగాల్సినవి వేరే ఉన్నాయి. ఏ సంస్థకైనా మినహాయింపు ఇవ్వాల్సొస్తే, షెడ్యూలు కోశాక కూడా తప్పదని తేలితేనే ఇవ్వాలి. అలసట మీద సంస్థలు డీజీసీఏకి మూడు నెలలకోసారి నివేదిక ఇవ్వాలని అదే నిబంధనల్లో ఉంది. ఏ సంస్థలో ఎంతమంది పైలట్లు "అలిసిపోయాను" అన్నారు, అందులో ఎన్ని ఒప్పుకున్నారు, ఎన్ని తోసేశారు అన్నది జనం ముందు పెట్టాలి. టికెట్ కొనేముందు ఆలస్యాల శాతం చూసుకుంటున్నాం, ఇదీ చూసుకుంటాం. అలిసిపోయానన్న పైలట్ మీద కక్ష కట్టకుండా చట్టంలో కాపుదల ఉండాలి.

మనవైపు నుంచి కూడా ఒకటి. గేటు దగ్గర "సిబ్బంది డ్యూటీ సమయం ముగిసినందువల్ల విమానం ఆలస్యం" అని ప్రకటన వస్తే, కౌంటర్లో ఉన్న పిల్ల మీద పడి అరవకండి. ఇంకో సిబ్బందిని ఎందుకు సిద్ధంగా ఉంచలేదని సంస్థని అడగండి, రాతపూర్వకంగా అడగండి, పరిహారం అడగండి. ఆ దిగిపోయిన పైలట్‌ని మాత్రం ఏమీ అనకండి.

అలాగే, 30 గంటలు ఏకబిగిన కూర్చుని ప్రొడక్షన్ నిలబెట్టినవాడికి ఆఫీసులో చప్పట్లు కొట్టడం మానేద్దాం. వాడిని 30 గంటలు కూర్చోబెట్టాల్సిన ఖర్మ ఎందుకొచ్చిందని అడుగుదాం. మన దగ్గర ఆ అలవాటు పోనంతకాలం, నిద్రపోతానన్న పైలట్ మన కంటికి బద్ధకస్తుడిలాగే కనబడతాడు.

ఇదంతా రాశాక బాబాయికి ఫోన్ చేసి బస్సు సంగతి గుర్తుచేశా. కాసేపు ఏం మాట్లాడలేదు. "అది వేరూ ఇది వేరూనా?" అని అడిగా.

"ఆయ్, ఒకటేలే" అన్నాడు. తర్వాత, "అయితే ఆ పైలట్ వరసగా ఎన్నో రాత్రో ఎవరు చూస్తార్రా?" అన్నాడు.

అదే బాబాయ్ నేనూ అడుగుతోంది.